వదినగారి కోసం వేసిన దారి

పోయిన ఏడాది ఆఫీసు వాళ్ళు ట్రైనింగని నన్ను గెంట్ పంపించారు. బెల్జియంలో బాగా పాత ఊరు. చివర్లో ఒక పూట ఖాళీ దొరికితే హోటల్ కౌంటర్లో అమ్మాయి ఒక మడతల మ్యాపు చేతిలో పెట్టి, ఈ ఎర్ర గీత వెంబడి నడిస్తే ఊరంతా చూసినట్టేనని చెప్పింది. సరే, నడిచాను. కోట దగ్గర మొదలై, కాలవ గట్టు మీదుగా, మూడు పాత గోపురాలూ ఒకే వరసలో కనిపించే వంతెన మీదికి తీసుకెళ్ళింది ఆ గీత. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఫొటో తీసుకోవాలో, ఎక్కడ కాఫీ తాగాలో అన్నిటికీ అందులో గుర్తులున్నాయి. ఊరికి వంక పెట్టడానికేమీ లేదు. వంతెన అవతల ఒక బెంచీ మీద కూలబడ్డాను. ఎండ సూటిగా మొహం మీద పడుతోంది. "ఇదేం బెంచీ తమ్ముడూ! ఆడమనిషి కూర్చునే చోటేనా ఇది?" అని జెద్దాలో మా అన్నగారు విసుక్కున్న మాట గుర్తొచ్చి, ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

సొంత అన్న కాదు. మా గదిలో అందరికంటే పెద్దవాడు కాబట్టి అన్నగారు. తెనాలి వైపు మనిషి. జెద్దాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. నేను అదే ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. ఇది రెండువేల ఐదారు నాటి సంగతి. ఇప్పుడాయన ఎక్కడున్నాడో తెలియదు. ఫోన్ నంబర్లు మారిపోయాయి, నేనూ వెతకలేదు. కానీ ఆయన కూడా ఒక పాత ఊళ్ళో నడవడానికి ఒక దారి వేశాడు. మ్యాపు లేదు, ఎర్ర గీత లేదు, అంతా బుర్రలోనే. ఆ గెంట్ దారి ఎవరు నడిచినా ఫరవాలేదన్నట్టు ఉంది. ఆయన దారి మాత్రం ఒకే ఒక్క మనిషి కోసం వేసింది.

ఆయన ఎవరినైనా మొదట మొహం చూసి పలకరించడం నేనెప్పుడూ చూడలేదు. నడక చూసేవాడు. నేను గదిలో చేరిన రోజు పెట్టె మోసుకుంటూ లోపలికి వస్తే, మంచం మీద కూర్చుని నా కాళ్ళకేసి చూసి, "ఎడమ మోకాలికి ఎప్పుడో దెబ్బ తగిలింది కదూ?" అన్నాడు. నా పేరు ఆ తర్వాత అడిగాడు. రోజంతా జనాన్ని పలక ముందు నిలబెట్టి ఊపిరి పట్టమనీ వదలమనీ చెప్పే ఉద్యోగం కదా, ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేది. కబుర్ల మధ్యలో ఉన్నట్టుండి చెయ్యెత్తి "కదలకండి" అనేవాడు. అంటే ఏదో ఆలోచన వచ్చిందన్నమాట. మేము బిగుసుకుపోయి కూర్చునేవాళ్ళం. ఆ ఆలోచన తొంభై పాళ్ళు పప్పులో చింతపండు ఎక్కువైందని అయి ఉండేది.

ఇంకో అలవాటుంది. శుక్రవారం ఇంటికి ఫోన్ చేసే ముందు తల దువ్వుకునేవాడు. అద్దం ముందు నిలబడి, పాపిడి తీసి, చొక్కా గుండీలు పెట్టుకుని వెళ్ళేవాడు. మా గదిలో ఏసీలు బాగుచేసే రాజేశం అని ఇంకొకడుండేవాడు, జగిత్యాల వైపు వాడు. వాడు ఇది చూసి ఊరుకుంటాడా? "అన్నా, ఫోన్ల మొకం కనవడ్తదా ఏందే?" అనేవాడు. అన్నగారు సిగ్గుపడేవాడు గానీ దువ్వెన మాత్రం కింద పెట్టేవాడు కాదు.

వదినగారు గుంటూరు జిల్లాలో గవర్నమెంటు బడిలో టీచరు. పెళ్ళయిన కొద్దిరోజులకే ఈయన సౌదీ వచ్చేశాడు. రెండేళ్ళకోసారి సెలవు, సెలవు అయిపోగానే తిరుగు ప్రయాణం. పిల్లల్లేరు. కలిసి ఉన్నది మొత్తం పోగేసినా ఏడాది నిండదని ఆయనే అన్నాడు ఒకసారి, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. నాకప్పుడు పెళ్ళి కాలేదు. ఆ మాటలో ఎంతుందో నాకు అర్థం కాలేదు.

ఒక శుక్రవారం ఫోన్ చేసి వచ్చి, ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాడు. తరుగుతూ తరుగుతూ చెయ్యెత్తాడు. "కదలకండి." ఆగాం.

"మీ వదిన వస్తానంటోంది. వేసవి సెలవుల్లో విజిట్ వీసా మీద. వచ్చి చూస్తుందట. ఉండగలననిపిస్తే లాంగ్ లీవు పెట్టి ఇక్కడికే వచ్చేస్తుంది. లేదంటే నేనే వచ్చెయ్యాలట. ఈ ఫోన్లో కాపురం ఇంక నావల్ల కాదండీ అని తేల్చి చెప్పేసింది."

"మంచిదే గదనే, రానియ్యి" అన్నాడు రాజేశం.

"వస్తే మంచిదేరా. వచ్చి ఏం చూస్తుందని నా బాధ. ఇక్కడేముంది చూపించడానికి? నచ్చలేదంటే నేను సర్దుకుని పోవాలి. అక్కడ ఈ వయసులో నాకెవడిస్తాడు ఉద్యోగం? ఆవిడ బడికెళ్తుంటే నేను ఇంట్లో కూర్చుని పేపరు చదవనా?"

ఆ రోజు కూరలో ఉల్లిపాయలు రెట్టింపు పడ్డాయి. అందరం తినేశాం.

మా ఆసుపత్రిలో పెళ్ళాలను విజిట్ మీద తెచ్చుకున్నవాళ్ళు అందరూ చేసే పని ఒకటే. పెద్ద షాపింగ్ మాల్ చూపిస్తారు, సముద్రపు ఒడ్డున కార్నీష్ మీద చాప పరిచి కూర్చోబెడతారు, మళ్ళీ మాల్‌కి తీసుకెళ్తారు. ఆమె గోడలు చూసి చూసి, తిరుగు విమానం ఎప్పుడని అడుగుతుంది. అన్నగారికి ఇది తెలుసు. "మాల్ చూసి ఎవరూ ఊళ్ళో ఉండిపోరు తమ్ముడూ. ఊరు చూస్తే ఉంటారు. ఊరంటే బలద్" అన్నాడు.

బలద్ అంటే జెద్దా పాత ఊరు. పగడపు రాయితో కట్టిన ఎత్తైన ఇళ్ళు, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన పెద్ద చెక్క కిటికీలు, వాటి కింద మసాలా కొట్లు, బట్టల కొట్లు, బంగారం కొట్లు, ఎటు చూసినా పిల్లులు. సగం ఇళ్ళు పక్కకి ఒరిగి, దుంగల ఆసరాతో నిలబడి ఉండేవి. ఆ రోజుల్లో మావాళ్ళెవరూ దాన్ని చూడదగ్గ చోటనుకునేవాళ్ళు కాదు. చవకగా దుప్పట్లు దొరికే చోటు, అంతే. ఈయన మాత్రం వచ్చిన కొత్తలోనే ఒంటరితనం పట్టలేక అందులో పడి నడవడం మొదలెట్టి, సందు సందూ ఎరిగిపోయాడు.

డిసెంబరులో దారి వెయ్యడం మొదలుపెట్టాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం మూడున్నర దాటాక నన్నూ రాజేశాన్నీ లాక్కుపోయేవాడు. మాకు మొదట్లో ఇదేదో కాలక్షేపం అనిపించింది. రెండో వారానికే అర్థమైంది, ఇది రిహార్సల్. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ముందు నడిచేవాడు. రాజేశం వదినగారు. నేను ఎవరో నాకూ తెలియదు, బహుశా వెనకాలే వచ్చే ఎండ.

"మెల్లగా నడువు రాజేశం. మీ వదిన అంత గబగబా నడవదు."

"నేనెట్ల వదిననైతనే అన్నా, గీ మీసాలు వెట్టుకొని? ముతవ్వలు వట్టుకపోతరు నన్ను."

ముతవ్వలంటే జనం మతాచారం సరిగా పాటిస్తున్నారా లేదా అని వీధుల్లో తిరుగుతూ కనిపెట్టేవాళ్ళు. మగవాడు ఆడమనిషిలా నటించాడని తెలిస్తే వాళ్ళు నవ్వి ఊరుకునే రకం కాదు. అందుకే నటన అంతా నడక వరకే.

దారిలో ఆయన చూసుకున్న విషయాలు వింటే మీకు నవ్వొస్తుంది గానీ నాకు ఆ తర్వాత ఏ ఊరెళ్ళినా అవే గుర్తొస్తాయి. ఆడవాళ్ళకి బాత్రూమ్ ఎక్కడుంది? బలద్‌లో పడమటి వైపున్న షాపింగ్ సెంటర్లో ఒకటుంది, అందుకే దారి అక్కణ్ణించే మొదలవ్వాలి. సాయంత్రం ఎండ వీపు మీద పడాలి గానీ మొహం మీద పడకూడదు, కాబట్టి పడమర నుంచి తూర్పుకే నడవాలి. కాళ్ళు నొప్పి పుట్టేసరికి కూర్చోవడానికి ఒక గట్టు తగలాలి. ఆ గట్టు మీద అప్పటికే ముసలి షేకులు కూర్చుని ఉంటే ఆమె అక్కడ కూర్చోదు, అందుకని దగ్గరలో ఇంకో గట్టు ఉండాలి. కుటుంబాలను కూర్చోనిచ్చే జ్యూస్ కొట్టు ఒకటుంటే దాన్ని మూడు వారాలపాటు కనిపెట్టి చూసి, ఈగలెక్కువని కొట్టేశాడు. నేను బాగుందన్న ఒక బెంచీని చూసి ఇందాక చెప్పిన మాట అన్నాడు.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు సలా. నమాజు పిలుపు వినిపించగానే కొట్లన్నీ షట్టర్లు దించేస్తాయి. కొనేవాళ్ళు బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడాలి. దీనికి విసుక్కోనివాణ్ణి నేను చూడలేదు. అన్నగారు మాత్రం దాన్నే తన దారికి పతాక సన్నివేశం చేశాడు. బలద్ నడుమ ఒక పెద్ద పాత ఇల్లుంది, దాని ముందు వేపచెట్టు. ఒకప్పుడు ఊరు మొత్తానికీ అదొక్కటే చెట్టని చెప్పుకునేవారు. సరిగ్గా సాయంత్రం నమాజు వేళకి ఆ చెట్టు కిందికి చేరాలి. చుట్టూ అన్ని మసీదుల నుంచీ పిలుపు లేస్తుంది. ధడధడా షట్టర్లు పడతాయి. బేరాలూ తోపుడుబళ్ళ చప్పుడూ ఆగిపోతాయి. ఒక్క నిమిషంలో బజారంతా ఖాళీ అయి, పాత ఇళ్ళూ చెట్టూ మిగులుతాయి. జనవరిలో ఒక శుక్రవారం అన్నీ కుదిరి, ఆయన అనుకున్నట్టే జరిగింది. ముగ్గురం తలెత్తి ఆ కిటికీలకేసి చూస్తూ నిలబడ్డాం. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు జలదరించింది. రాజేశం కూడా మెల్లగా, "వదిన ఉంటదే అన్నా. గిది జూస్తె ఎట్లవోతది?" అన్నాడు. అన్నగారు కళ్ళు తుడుచుకున్నాడు. ఇంక దారి కుదిరిందని ఆ రోజుతో బలద్‌లో రిహార్సల్ ఆపేశాడు.

అబాయా సంగతి ఇంకొకటి. నల్లటి పొడవు గౌను, మెట్లెక్కేటప్పుడు కాళ్ళకి చుట్టుకుంటుందేమోనని ఆయన భయం. ఆ పాత ఇళ్ళలో ఒకదాని మెట్లు ఎక్కించాలని ఆయన ఆశ. సెలవు రోజు పొద్దున్నే రాజేశానికి నల్లదుప్పటి చుట్టి, మా బిల్డింగ్ మెట్ల మీద పైకీ కిందికీ తిప్పాడు. మూడోసారి దిగుతుండగా యెమెన్ వాడు, మా హారిస్, అంటే బిల్డింగ్ కాపలాదారు, ఎదురొచ్చాడు. బ్యాచిలర్ల బిల్డింగులో నల్ల అబాయా చూసేసరికి వాడికి గుండె ఆగినంత పనైంది. తర్వాత దుప్పట్లోంచి మీసాలు బయటికొచ్చాయి. వాడు తిట్టిన తిట్లలో మాకు తెలిసింది మజ్నూన్, పిచ్చోడు అన్న ముక్క ఒక్కటే. మిగతావి అడగదలుచుకోలేదు.

మే నెలలో వదినగారు దిగారు. కుటుంబంతో ఉండడానికి ఇల్లు కావాలి కదా. ల్యాబులో పనిచేసే మలయాళీ ఒకాయన వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకుని ఊరెళ్తూ తన ఫ్లాటు తాళాలు ఈయన చేతిలో పెట్టాడు. శుభ్రమైన ఫ్లాటు. మంచి కర్టెన్లు, పెద్ద ఫ్రిజ్, గోడ మీద వాళ్ళ పిల్లల ఫొటోలు. అన్నగారు రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని అందులోకి మారాడు, అక్కడే పుట్టి పెరిగినట్టు. మేము ఒక రోజు భోజనానికి వెళితే వదినగారు గోంగూర వడ్డించారు. పొట్టిగా, చురుగ్గా, మాట తూటాలా వేసే మనిషి. మమ్మల్ని పేరుపేరునా అడిగి తెలుసుకున్నారు. అన్నగారు ఫ్రిజ్‌లో మంచినీళ్ళ సీసా ఎక్కడుందో వెతుక్కోవడం ఆవిడ చూస్తూనే ఉన్నారు.

శుక్రవారం నడక. మాకు డ్యూటీలు పడ్డాయి. రాజేశం తూర్పు గేటు దగ్గర ట్యాక్సీ మాట్లాడుకుని ఉండాలి. నేను చల్లటి నీళ్ళ సీసాలతో వేపచెట్టు కింద గట్టు మీద చోటు పట్టుకుని ఉండాలి. నాలుగింటికి వెళ్ళి కూర్చున్నాను. కూర్చున్న పావుగంటకే ఏదో తేడా తెలిసింది. జనవరిలో ఆ వేళకి గట్టు మీద చల్లటి నీడ ఉండేది. ఇప్పుడు గట్టు కాలిపోతోంది. నీడ ఎదుటి గోడకి పోయింది. గడియారం చూసుకుంటే మరో సంగతి తట్టింది. చలికాలంలో సాయంత్రం నమాజు ఆరు లోపే. ఇప్పుడు ఏడు కావస్తుంది. ఇన్నేళ్ళు సౌదీలో ఉండి, రోజూ ఐదు పూటలా ఆ పిలుపు వింటూ, నమాజు వేళ సూర్యుణ్ణి బట్టి జరుగుతుందని ముగ్గురిలో ఒక్కడికీ గుర్తు రాలేదు. దారంతా చలికాలానికి కుట్టించుకున్న చొక్కా, మేము దాన్ని మే నెలకి తొడిగాం.

ఇంకా ఆరు కాకుండానే వాళ్ళు కనిపించారు. ముందు వదినగారు, వెనక చాలా దూరంలో అన్నగారు. ఆయన రాజేశానికి వారాల తరబడి నేర్పిన ఆ మెల్లటి నడక ఆవిడది కానే కాదు. బడికి రోజూ బస్సు దిగి చాలా దూరం నడిచే మనిషట, గాలి తోసినట్టు నడుస్తారు. ఊరందరి నడకా చదివే మనిషికి ఇంట్లో మనిషి నడక తెలియలేదు. ఎలా తెలుస్తుంది? సెలవుల్లో వెళ్ళినప్పుడల్లా ఇద్దరూ చుట్టాల ఇళ్ళకి ఆటోల్లో తిరిగారు.

ఆయన చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఆవిడ గట్టు మీద కూర్చుని సీసా సగం తాగేసి, చెట్టుకేసి చూశారు.

"వేపచెట్టు" అన్నాడు అన్నగారు ఆయాసపడుతూ. "ఒకప్పుడు ఊరంతటికీ ఇదొక్కటే..."

"మనింటి వెనక కూడా ఉంది కదండీ" అన్నారావిడ. ఎగతాళిగా కాదు, గుర్తుచేస్తున్నట్టు. "బాగుంది లెండి. ఇళ్ళు కూడా బాగున్నాయి. ఆ కిటికీలు బాగున్నాయి."

ఆయన గడియారం చూసుకున్నాడు. "కాసేపాగు. ఇంకో గంటలో..."

"ఏం జరుగుతుంది గంటలో?"

"నమాజు పిలుపు."

"అది ఫ్లాట్లో కూడా వినబడుతోందిగా?"

తోపుడుబండివాడొకడు అరుస్తూ మా కాళ్ళ మీద నుంచే పోయినంత పని చేశాడు. నేను లేచి పక్కకి పోబోతే, "కూర్చో తమ్ముడూ, నీకు తెలియనిదేముంది?" అన్నారావిడ. ఆ గంటకి అన్నగారి దగ్గర ఏమీ లేదు. దారిలో చెప్పాల్సిన కథలన్నీ అయిపోయాయి, ఆవిడ వేగానికి కొన్ని నడుస్తూనే పడిపోయి ఉంటాయి. ముగ్గురం ఎండలో కూర్చున్నాం. కాసేపటికి ఆవిడే అడిగారు.

"మీరుండేది ఎక్కడండీ?"

"ఫ్లాట్లోనే కదా..."

"ఆ ఫ్లాటు వాళ్ళది. అందులో మీకు గరిటె ఎక్కడుందో తెలియదు. మీరు ఇన్నేళ్ళూ ఉన్న గది ఎక్కడ?"

అన్నగారు నా వంక చూశాడు. నేను చెట్టు వంక చూశాను. "ఇక్కడికి దగ్గరే. కానీ అది బ్యాచిలర్ల బిల్డింగు. ఆడవాళ్ళని రానివ్వరు. హారిస్ ఒప్పుకోడు. చూడ్డానికేం లేదక్కడ."

"కింద నుంచి చూస్తాను. పదండి."

"వేరే దారేసుకుని వెళ్దాం, ఆ సందు బాగోదు, డ్రైనేజీ పొంగి..."

"మీరు ఏ దారిలో వెళ్తారో ఆ దారినే."

నేను వెనకపడి రాజేశానికి ఫోన్ చేశాను. "ట్యాక్సీ వదిలెయ్. గదికి పరిగెత్తి కిటికీలో బట్టలు తియ్." వాడికి కారణం చెప్పక్కర్లేకపోయింది. మేము సందులోకి తిరిగేసరికి మూడో అంతస్తు కిటికీలోంచి ఒక చెయ్యి లుంగీలు లోపలికి లాగుతోంది. కిటికీ ఏసీ కింద మేము పెట్టిన ఇటుక, దాని కింద గోడ మీద నీటి చార కనబడుతున్నాయి. కింద మురుగునీళ్ళ మీద అడుగు వెయ్యడానికి పరిచిన చెక్కల మీదుగా ఆవిడ అబాయా ఎత్తి పట్టుకుని వచ్చారు. హారిస్ లేచి నిలబడ్డాడు. ఈసారి నిజం ఆడమనిషే కావడంతో వాడు ఏం చెయ్యాలో తెలియక సలాం చేశాడు.

"వదినా, పైకి రానియ్యరు గని, చాయ్ పంపిస్త!" అని కిటికీలోంచి అరిచాడు రాజేశం.

ఆవిడ పైకి చూసి తలూపారు. తర్వాత అన్నగారిని ఒక్కొక్కటీ అడిగారు. మంచం ఎటు? కిటికీ పక్కన. కిటికీలోంచి ఏం కనబడుతుంది? ఎదురుగా ఉన్న గోడ. ఎంతమంది? ముగ్గురం. ఆయన పరీక్షలో పిల్లాడిలా టకటకా చెప్పాడు.

"మరి ఫోను?"

ఆయన గుమ్మం కేసి చూశాడు.

గదిలో ఫోను మాట్లాడితే అందరికీ వినబడుతుంది. అందుకని మాలో ఎవడి చోటు వాడికుండేది. నాది మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన. ఆయనది బిల్డింగు గుమ్మంలో కింది మెట్టు. అది విరిగి సగమే ఉంది. పక్కనే పాకిస్తానీ లాండ్రీ, దాని ఫ్యాను వేడిగాలిని సూటిగా ఆ మెట్టు మీదికి తోసేది. ఆయన చెయ్యి చాపి అది చూపించాడు.

వదినగారు వెళ్ళి ఆ మెట్టు మీద కూర్చున్నారు. అక్కడ పడుకున్న పిల్లి కదలకపోతే దాని పక్కనే సర్దుకున్నారు. ఫ్యాను గాలికి తలమీది గుడ్డ ఎగిరింది, చేత్తో పట్టుకున్నారు. ఆ గాలిలో సబ్బు వాసన, కాలిన ఇస్త్రీ వాసన. చాలాసేపు అలాగే కూర్చుండిపోయారు. బలద్ మొత్తంలో ఆవిడ తనంతట తానుగా ఆగింది అక్కడొక్కచోటే.

"ప్రతి శుక్రవారం ఫోన్లో ఏదో హోరు వినబడేది. ఏంటండీ ఆ చప్పుడు అంటే, సముద్రం గాలి, బాల్కనీలో కూర్చున్నాను అనేవారు" అన్నారు, నా వైపు చూసి.

నేను తల దించుకున్నాను. అన్నగారు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"నేను పొరుగువాళ్ళకి కూడా చెప్పాను. మా ఆయనకి సముద్రం ఎదురుగా ఇల్లని." ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు, కోపమొచ్చింది. "ఇక్కడ నేను ఉండలేనండీ. ఉండగలిగినా ఉండను. మిమ్మల్ని కూడా ఉండనివ్వను."

ఆయన ఉద్యోగం గురించి చెబుతాడనుకున్నాను. మాకు చెప్పినవన్నీ, ఈ వయసులో ఎవరిస్తారనీ, ఇంట్లో కూర్చుని పేపరు చదవాలా అనీ. ఒక్కటీ చెప్పలేదు. వచ్చి ఆ సగం మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చోబోయాడు. ఇద్దరికి చోటు చాలలేదు. కింద నేలమీదే కూలబడ్డాడు. ఆవిడ, కొంగు లేదు గనక, అబాయా చివరతో ఆయన మెడ మీద చెమట తుడిచారు. బజారులో, అందరూ చూస్తుండగా, ఆ దేశంలో. హారిస్ మొహం అటు తిప్పుకున్నాడు.

"వచ్చే నెలలో రిజైన్ చేస్తాను" అన్నాడు అన్నగారు.

"వచ్చే నెలెందుకు?" అన్నారావిడ.

శనివారం పొద్దున ఆసుపత్రి తెరిచేసరికి నేను కంప్యూటర్ గదిలో ఉన్నాను. ఆయన తల దువ్వుకుని, గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. రాజీనామా టైపు చెయ్యమన్నాడు. కారణం ఏం రాయమంటారు అన్నగారూ అని అడిగితే చెయ్యెత్తాడు. నేను టైపు ఆపి చూస్తూ కూర్చున్నాను.

"మా ఆవిడ ఉండనివ్వనంది. అదే రాయి" అన్నాడు.